చరిత్ర ఉచితం, ఇల్లే అమ్మకానికి

ఈ దేశంలో ఇల్లు లేనివాడి కష్టాల మీద బోలెడు సాహిత్యం వచ్చింది. ఇల్లున్నవాడి కష్టాల మీద ఒక్క కరపత్రం కూడా రాలేదు. అందులోనూ హైదరాబాదు పాతబస్తీలో, నూరేళ్లు దాటిన ఇంట్లో, ఉమ్మడి వాటాల మధ్య కాపురం ఉంటున్నవాడి గోడు వినడానికి ఏ కమిషనూ కూర్చోలేదు, ఏ మంత్రివర్గ ఉపసంఘమూ పర్యటించలేదు, ఏ ప్రతిపక్షమూ వాకౌట్ చేయలేదు. కనుక నా శ్వేతపత్రం నేనే విడుదల చేసుకుంటున్నాను. జిరాక్సు ఖర్చు కూడా నాదే.

ఇల్లంటే అల్లాటప్పా ఇల్లు కాదు. శాలిబండ గడియారం దాటి లోపలి గల్లీలోకి తిరిగితే రాతి కమాను, దాని వెనక అంబారీ పట్టేంత దర్వాజ, ఆ దర్వాజలోనే మనిషి వంగితే పట్టే దిడ్డి తలుపు, లోపల గచ్చు వాకిలి, మూడు పక్కలా టేకు స్తంభాల దాలాన్, మూలన చేదబావి, పైన బంగ్ల. వీధి వీధంతా దీన్ని కమానిల్లు అంటుంది. మా ఇంటిపేరు ఎవరికీ తెలియదు. ఈ గల్లీలో ఎవరింట పెళ్లి పత్రిక అచ్చయినా అందులో "కమానిల్లు ఎదురుగా" అని ఉండి తీరుతుంది. గ్యాస్ బండ వచ్చినా, కొరియర్ వచ్చినా, పిల్లను చూసుకోవడానికి పెళ్లివారు వచ్చినా, రాత్రి పదకొండింటికి బిర్యానీ తెచ్చిన కుర్రాడు వచ్చినా ముందు కొట్టేది మా తలుపే. వాళ్లకు దారి చెప్పడం, పక్కింటాయన ఊళ్లో లేకపోతే పొట్లం పుచ్చుకోవడం, ఆయనకు ఫోన్ చేసి ఓటీపీ కనుక్కోవడం, ఇవన్నీ చారిత్రక కట్టడపు యజమానిగా నా రాజ్యాంగ విధులు. జీతం లేదు.

అలాంటి ఇంటికి "అమ్మబడును" అని బోర్డు కట్టేసరికి గల్లీ ఉలిక్కిపడింది. మా మీద మమకారం కాబోలు అనుకుని నా కళ్లు చెమర్చాయి. ఎదురింటి కిరాణాకొట్టు ఆయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్ముకోండ్రి సార్, మిమ్మల్ని ఎవ్వలాపుతరు? కమాను మాత్రం తియ్యకుండ్రి. మా దుకానం అడ్రసు పోతది" అన్నాడు. తక్కిన పెద్దలూ అదే తీర్మానాన్ని బలపరిచారు. ఇల్లు అమ్మేసి కమాను ఉంచుకునే పద్ధతి ఏదో వాళ్లెవరూ చెప్పలేదు. చర్చ ముగిసేసరికి చాయ్ డబ్బులు నేనిచ్చాను.

సరే, లోపలికి రండి. తల వంచి రండి. శత్రువైనా సరే గుర్రం దిగి తల దించుకుని రావాలన్న ఎత్తుగడతో పూర్వం దిడ్డి తలుపులు పెట్టారని చరిత్ర చెప్పేవాళ్లు చెబుతుంటారు. శత్రువులు రావడం మానేసి తరాలు గడిచాయి. ఇప్పుడు రోజూ తల దించుతున్నది నేను, మా ఆవిడ, పాలవాడు, కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి. దించడం మరిచిన ప్రతివాడికీ నుదుటి మీద ఒకటే చోట బొప్పి కడుతుంది. ఆ గుర్తును బట్టి మా బంధువుల్ని బోనాల జాతరలో కూడా పోల్చుకోవచ్చు. పెద్ద దర్వాజ తెరుచుకోవచ్చు కదా అంటారా? తెరుచుకోదు. దాని కథ రోడ్లు వేసేవాళ్లు రాశారు.

మా తాతగారి కాలంలో వీధిలోంచి ఇంట్లోకి మూడు మెట్లు ఎక్కేవారు. ఆ తరవాత ఈ గల్లీకి ఎన్నెన్నో ఎన్నికలు వచ్చాయి. ఎన్నిక ఎన్నికకూ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు, దాని మీద కంకర, దాని మీద సిమెంటు. వీధి అభివృద్ధి చెందుతూ చెందుతూ మెట్లను మింగి, దర్వాజ కింది అంచును పట్టేసింది. ఇప్పుడు మేం వీధిలోంచి ఇంట్లోకి దిగుతున్నాం. వాన కూడా మా వెంటే దిగుతుంది. కొత్త ఫ్రిజ్ మాత్రం దిడ్డి తలుపులో పట్టక, పెద్ద దర్వాజ కదలక, పక్కింటి మేడ మీంచి తాళ్లతో దిగింది. ఇటుక ముట్టుకోకుండా ఒక కొంపను భూగర్భ నిక్షేపం చేసిన ఘనత మన ప్రజాస్వామ్యానిది. ఓటు మాత్రం మానకుండా వేస్తున్నాను.

ఇక పైకప్పు. ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం మౌనం పాటించగలరు. డంగుసున్నం గొప్పదనం మీరు వినే ఉంటారు. గానుగలో సున్నం, ఇసుక పోసి ఎద్దుల చేత తిప్పించి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, కోడిగుడ్డు సొన కలిపి కట్టేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నింపాదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అంటే శాస్త్రం ప్రకారం మా ఇల్లు నానాటికీ గట్టిపడుతూ ఉండాలి. గోడలకు ఆ కబురు అందినట్టే ఉంది. పైకప్పుకు ఇంకా అందలేదు.

మరమ్మతు చేయిద్దామంటే ఆ పని తెలిసిన మేస్త్రి దొరకాలి. దొరికినవాడు కోటల్లోనో సమాధుల్లోనో పనిలో ఉంటాడు. అక్కణ్ణించి బతిమాలి తీసుకొస్తే పైకి చూసి, నిట్టూర్చి, నెత్తిన చెయ్యి పెట్టుకుని, సామాను చీటీ రాసిచ్చాడు. బెల్లం, కరక్కాయలు, మినుములు, కోడిగుడ్లు. మా ఆవిడ ఆ చీటీ అందుకుని ఆసాంతం చదివి, "ఇది గోడకా, బాలింతకా?" అని అడిగింది. చీటీ కింద కూలి లెక్క చూశాక ఆమె మరేమీ అడగలేదు.

చవకలో పోతుందని మా నాన్నగారి హయాంలోనే ఒకసారి దాలాన్ గోడకు సిమెంటు పూత పూయించారు. సున్నపు గోడ ఊపిరి తీస్తుంది, తేమను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు దాని ముక్కు మూసింది. నేలలోంచి ఎగబాకిన నీరు బయటికి దారి లేక, గోడలోని ఉప్పును మోసుకొచ్చి పూత వెనక పేర్చింది. వేలు ఆనిస్తే తెల్లటి నూగు మెత్తగా రాలుతుంది. మీ అనుమానం తీరకపోతే నాలుక్కి రాసుకోండి, ఉప్పగా ఉంటుంది. దసరాకు వేసిన రంగు సంక్రాంతికి పొక్కుతుంది, శివరాత్రికి పెచ్చులు కడుతుంది, ఉగాది నాటికి పచ్చడి గిన్నెలో పడుతుంది. షడ్రుచుల్లో ఒకటి మాకు ఉచితం.

2019 మే నెలలో చార్మినార్ మినారు మీంచి సున్నపు పెచ్చు ఒకటి ఊడి పడింది. మీకు గుర్తుండే ఉంటుంది. పురావస్తు శాఖ వారు కదిలారు, పత్రికల వారు కదిలారు, టీవీల్లో నిపుణులు కూర్చున్నారు, నగరమంతా అయ్యో అంది. అనాలి, 1591 నాటి కట్టడం మరి. కానీ మా దాలాన్‌లో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు పెచ్చు ఊడి పెరుగన్నంలో పడుతున్నది. ఇందుకు జాతీయ స్థాయిలో స్పందన మాట అటుంచండి, కనీసం మా అబ్బాయి కూడా ఫోన్‌లోంచి తలెత్తడం లేదు.

ఇన్ని అవస్థలున్న ఇంటిని చూసి జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు. బాధతో కాదు, పారవశ్యంతో. చలికాలం ఆదివారాల్లో పొద్దున్నే హెరిటేజ్ వాక్ అని గుంపు గుంపు దిగుతుంది. భుజాన గుడ్డ సంచి, మెడలో కెమెరా, చేతిలో నీళ్ల సీసా. వాళ్లను నడిపించే పెద్దమనిషి మా కమాను కింద నిలబడి, నేను ఇంట్లో పళ్లు తోముకుంటూ ఉండగానే, మా ఇంటి చరిత్ర నాకు వినిపిస్తాడు. ఒకాయన ఇది నవాబుగారి హకీమ్ ఇల్లన్నాడు. ఇంకొకాయన గాయనిది అన్నాడు. మూడో ఆయన ఇక్కణ్ణించి గోల్కొండకు సొరంగం ఉందన్నాడు. హైదరాబాదులో పాత గోడ కనిపిస్తే చాలు, దానికి గోల్కొండ దాకా సొరంగం ఉండి తీరాలి. మా ఇంట్లో నేనెరిగిన సొరంగం ఒకటే, డ్రైనేజీ గొట్టం. అదీ పూడిపోయింది.

ఏప్రిల్ 18 వస్తే మరీను. ప్రపంచ వారసత్వ దినం. ఆ రోజు బడిపిల్లలు, బొమ్మలు గీసేవాళ్లు, ఉపన్యాసకులు, ఉపన్యాసకులకు దండ వేసేవాళ్లు అందరూ మా గడపకు వస్తారు. మన సంస్కృతి, మన మూలాలు, మన బాధ్యత అంటారు. ఆ "మన"లో నేను ఎక్కడున్నానో చూసుకున్నాను. మంచినీళ్లు ఇచ్చే చోట ఉన్నాను.

సరిగ్గా రెండు నెలలు తిరిగి తొలకరి ముందు ఇంకో జట్టు దిగుతుంది. వీళ్లు శిథిల భవనాల లెక్క తీసేవాళ్లు. కమాను కింద, మొన్న పిల్లలు "మన వారసత్వం, మన గర్వం" అని అట్ట అంటించిన చోటే, "ఈ కట్టడము ప్రమాదకరము, ఖాళీ చేయవలెను" అని కాగితం అంటించి పోతారు. అట్ట తీసేవారు లేరు, కాగితం తీసేవారు లేరు. ఒకే గోడ మీద గర్వము, ప్రమాదము పక్కపక్కన వేలాడుతుంటాయి. జిగురు మాత్రం రెంటికీ గట్టిగానే పట్టింది.

పెళ్లి ఫోటోల వాళ్ల గురించి చెప్పకుండా దాటితే పాపం చుట్టుకుంటుంది. కాబోయే దంపతులు అమీర్‌పేట నుంచో, అమలాపురం నుంచో తెల్లవారుజామున వచ్చి మా దర్వాజకు ఆనుకుని ప్రేమించుకుంటారు. వాళ్లను నేనేమీ అనను, చల్లగా ఉండనీ. కానీ కెమెరా అబ్బాయి బంగ్ల మీదికి చూసి, "అంకుల్, ఆ లుంగీ తీస్తారా? హెరిటేజ్ లుక్ పాడవుతోంది" అన్నాడు. నాలుగు తరాలుగా ఈ ఇంటి దండెం మీద మా వంశపు లుంగీలు ఆరుతున్నాయి. వాటికన్నా ప్రామాణికమైన వారసత్వం ఈ ఆవరణలో ఇంకేముంది? లుంగీ తీశాను.

సినిమావాళ్లు కూడా వచ్చారు. ఇల్లంతా తిరిగి, స్తంభాలు నిమిరి, బావిలోకి తొంగిచూసి, పెచ్చులూడిన గోడ ముందు ఆగి, "అద్భుతం సార్, సెట్టు వేసినా ఇంత సహజంగా రాదు" అన్నారు. జమీందారు కథ కాబోలనుకుని మీసం సవరించుకున్నాను. దెయ్యం సినిమా.

ఇక ప్రభుత్వం. మా ఇల్లు వారసత్వ జాబితాలో ఉందని ఊరంతా నమ్ముతుంది. లేదు. 1995లో నగరాభివృద్ధి సంస్థ జోనింగు నిబంధనల్లో పదమూడోది సవరించి, పాత కట్టడాల మీద చెయ్యి వేయాలంటే అనుమతి కావాలన్నారు, జాబితాలు వేశారు. 2015 డిసెంబరులో ఆ నిబంధనే ఎత్తేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం తెచ్చారు. 2019లో ఎర్రమంజిల్ పాలెస్ కూల్చి అక్కడ అసెంబ్లీ కడతామంటే హైకోర్టు కుదరదంది. ఇంత చరిత్ర మా చుట్టూ జరుగుతున్నా మా ఇల్లు ఏ జాబితాలోకీ ఎక్కలేదు, ఏ జాబితాలోంచీ దిగలేదు. ఎక్కి ఉంటే కూల్చడానికి వీల్లేదని కొనేవాడు పారిపోయేవాడు. ఎక్కలేదు కనుక, ఎక్కి ఉంటుందని పారిపోతున్నాడు.

పారిపోనివాళ్లను మా బ్రోకరు వెంటబెట్టుకొస్తాడు. మంచివాడు, ఇద్దరి దగ్గరా రెండేసి శాతం తీసుకుంటాడు. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి హితబోధ చేశాడు. "సార్, ఇల్లు లెక్కల వట్టకుండ్రి. జాగ మాట్లాడుదం. గజం ఎంత, రోడ్డు ఎంత, అంతే. ఇల్లు ఉన్నందుకు రేటు తగ్గుతది. కూలగొట్టుడు ఖర్చు ఉంటది గద." కమాను, దర్వాజ, దాలాన్, సున్నం, కరక్కాయ, నాలుగు తరాల జ్ఞాపకాలు అన్నీ కలిపి ఆయన పుస్తకంలో ఖర్చు పద్దు కింద పడ్డాయి. ఇంటి మీద ఆ మాత్రం నిజాయితీగా మాట్లాడినవాడు ఆయనొక్కడే. అందుకే రెండు శాతం.

వచ్చే బేరగాళ్లు రెండు రకాలు. మొదటి రకం చరిత్ర ప్రియులు. స్తంభాన్ని కౌగిలించుకుంటారు, "ఈ కాలంలో ఇలాంటి పని ఎవరు చేస్తారండీ" అంటారు, ఇలాంటి ఇంట్లో ఉన్నందుకు మీరు పుణ్యాత్ములంటారు, మా ఆవిడ పెట్టిన టీ తాగుతారు, రేటు విని వాచీ చూసుకుంటారు. రెండో రకం స్తంభాన్ని గోటితో గీకుతారు. టేకా, జిట్రేగా అని. పాత తలుపులకు, స్తంభాలకు ఊరవతల ఫామ్‌హౌసుల్లో, కాఫీ హోటళ్లలో మంచి గిరాకీ ఉందట. ఇల్లు వద్దు గానీ దర్వాజ ఇస్తారా అని ఒకాయన అడిగాడు. దర్వాజ ఇచ్చేస్తే రాత్రి ఏం వేసుకుని పడుకోవాలని మా ఆవిడ అడిగింది. షట్టరు వేయిస్తానన్నాడు. నలుపు రంగుది.

వాస్తు చూపించుకోనిదే ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. సిద్ధాంతిగారు ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని గచ్చు మధ్య నిలబడి గిర్రున తిరిగారు. బావి ఆగ్నేయంలో ఉంది, మెట్లు ఈశాన్యంలో ఉన్నాయి, సింహద్వారం దక్షిణం చూస్తోంది, బ్రహ్మస్థానంలో జామచెట్టు ఉంది. ఇంతటి దోషాలున్న ఇల్లు నూరేళ్లు ఎలా నిలబడిందో ఆయనకు అంతు చిక్కలేదు. ఇంట్లో ఉన్నవాళ్లెలా ఉన్నారని నన్ను అనుమానంగా చూశారు. బాగానే ఉన్నామని చెప్పబోయి, కప్పు మీంచి చుక్క పడి, ఆగిపోయాను.

దస్తావేజుల దగ్గర అసలు మహాభారతం మొదలైంది. మా ముత్తాతగారు ఈ ఇల్లు కొన్న పత్రం ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంది. సొమ్ము నిజాం నాటి హాలీ సిక్కాల్లో ఉంది. తేదీ 1338 అని ఉంది. బ్యాంకు తరఫు వకీలు యువకుడు, చురుకైనవాడు. కళ్లజోడు పైకి నెట్టి, "సార్, 1338 అంటే హైదరాబాదే పుట్టలేదు కదా" అన్నాడు. అయ్యా, అది ఫసలీ, నిజాం సర్కారు లెక్క, దానికి 590 కలుపుకుంటే మన 1928 వస్తుంది అని విన్నవించాను. ఆయన ఫోన్‌లో కూడి చూసి ఒప్పుకున్నాడు. ఆ 590 ఎందుకు కలపాలో ఏదైనా ప్రభుత్వ ఉత్తర్వు ఉంటే జత చేయమన్నాడు.

హద్దుల దగ్గర ఇంకా రసపట్టు. ఉర్దూ చదివే ముసలాయన్ను పిలిపించి తర్జుమా చేయించాం. తూర్పు అత్తరు వర్తకుడి ఇల్లు, పడమర గల్లీ, దక్షిణం సర్కారు బాట, ఉత్తరం చింతచెట్టు. అత్తరు వర్తకుడి ఇంట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. చింతచెట్టును నేను పుట్టకముందే కొట్టేశారు. వకీలుగారు నోట్సు రాసుకుని, "ఉత్తరం హద్దు చూపించాలి సార్" అన్నారు. చెట్టు లేదన్నాను. కనీసం మొద్దయినా ఉండాలి కదా అన్నారు. అప్పు ఇవ్వడానికి ఇంటి వయసు కూడా ఎక్కువైందట, మిగిలిన ఆయుష్షు ఎంతో ఇంజినీరు చేత రాయించాలట. వారసత్వ జాబితాకు మేం చాలినంత పాతవాళ్లం కాదు. బ్యాంకుకు మరీ పాతవాళ్లం.

ఇవన్నీ దాటినా సంతకాలు కావాలి. ఇక్కడే నా మానవ హక్కులు పూర్తిగా మట్టి కరిచాయి. ముత్తాతగారి వాటాలు తాతల్లో పంచుకుపోయి, తాతలవి తండ్రుల్లో పగిలి, అణాలు దమ్మిడీల్లోకి దిగాయి. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం కూతుళ్లందరికీ ఇచ్చింది. ధర్మం. నేను చప్పట్లు కొట్టాను, ఇంట్లో మిఠాయి కూడా పంచాను. తరవాత కూర్చుని వాటాల పట్టిక వేశాను. కాగితం చాలక క్యాలెండరు వెనక్కి తిప్పాను.

ఈ వాటాదారులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పేరు "మన కమానిల్లు". పైకప్పుకు తలా ఇంత వేసుకుందాం అని నేను రాస్తే ఆ గ్రూపులో స్మశాన నిశ్శబ్దం. అమ్మేద్దాం అని రాస్తే తుఫాను. అట్లాంటా నుంచి పెదనాన్న కొడుకు, "తమ్ముడూ, ఆ గచ్చు మీద నేను గోళీలాడానురా, నీకు మనసెలా వచ్చింది?" అని గొంతు రికార్డు చేసి పంపాడు. కరీంనగర్ నుంచి మేనత్త ఏడుస్తున్న బొమ్మలు వరసగా పెట్టింది. బెంగళూరు బావ, "మూసీ వరదకే చెక్కుచెదరని ఇల్లు బావా ఇది" అని గుర్తుచేశాడు. బావా, 1908లో మూసీ అఫ్జల్‌గంజ్‌ను ముంచింది, కోల్సావాడిని ఊడ్చింది. మన శాలిబండ ఎత్తు మీద ఉంది. రాని వరదలో కొట్టుకుపోకపోవడం ఏం ఘనకార్యం? ఈ మాట రాసి మళ్లీ చెరిపేశాను. బావ సంతకం కూడా కావాలి కదా.

పోనీ వీళ్లకు ఇల్లంటే ప్రేమ లేదా? ఉంది, ఏడాదికి ఒక పూట. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలయ్యాక, మర్నాడు ఏనుగు మీద ఘటం నయాపూల్ వైపు ఊరేగుతుంటే అందరూ మా బంగ్ల మీద ఉంటారు. పోతరాజులు కిందనుంచి కొరడా ఝళిపిస్తుంటే పైనుంచి ఫోన్లు ఊగుతుంటాయి. మటన్ కూర చాలడం లేదని వంటింట్లో కబురు, మంచినీళ్లు అయిపోయాయని మెట్ల మీద కబురు. "ఇల్లంటే ఇదిరా" అని మా పెదనాన్న పిట్టగోడ మీద చరిచారు. పిట్టగోడ ఒక ఇటుక వదిలింది. కింద ఎవరికీ తగల్లేదు, అమ్మవారి దయ.

ఇంటి భారం మోయలేక నలిగిన యజమానులు నాకు ముందు లేకపోలేదు. ఫలక్‌నుమా కట్టిన వికారుల్ ఉమ్రా నాకు గురుతుల్యుడు. పాయిగా ప్రభువు, రాజ్య ప్రధాని. 1884లో మొదలుపెట్టి కొండ మీద పాలరాతి మెట్లతో, నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్లతో మేడ కట్టాడు. కట్టేసరికి అప్పులు మెడకు చుట్టుకున్నాయి. అప్పుడు ఆయన భార్య ఒక ఉపాయం చెప్పిందంటారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను విందుకు పిలవమని. ప్రభువు వచ్చాడు, చూశాడు, ముచ్చటపడ్డాడు, ఉండిపోయాడు. 1897 ప్రాంతంలో మేడ నిజాం పరమైంది, కట్టినవాడి గండం గడిచింది. 2010 నుంచి అది విలాసవంతమైన హోటలు. ఈ వృత్తాంతం చదివి నేనూ మా ఆవిడ సలహా అడిగాను. విందుకు పిలుద్దామంటే నిజాం లేడు, మన బల్లకు నాలుగే కుర్చీలు, నాలుగో దాని మీద బకెట్ ఉంది అని గుర్తుచేసింది.

నిజాం దొరకని ఇళ్లేమయ్యాయో చార్మినార్ చుట్టూ తిరిగితే తెలుస్తుంది. సాలార్‌జంగుల దివాన్ దేవిడీ ఉండేది. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించింది అక్కడే. మ్యూజియం 1968లో ఇప్పుడున్న చోటికి మారింది. దేవిడీ తాలూకు పాత దర్వాజలు నిలబడి ఉన్నాయి, లోపలంతా బట్టల బజారు. చెక్కపనికి పేరుపడ్డ మాల్వాలా దేవిడీ నేలమట్టమై దుకాణాలు లేచాయి. అవి పోయాక అందరూ వాటి మీద వ్యాసాలు రాశారు, పాత ఫోటోలు వెతికి పంచుకున్నారు, అయ్యో అన్నారు. నిలబడి ఉన్నప్పుడు చెదలమందు కొనిచ్చినవాడు కనబడడు. ఇల్లు కూలితే నష్టం జాతిది. కారితే నాది.

కడపటి ఆశగా మెట్రో వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు, దారుల్‌షిఫా, శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా. రోడ్డు వెడల్పులో జాగ పోయేవారికి గజానికి 81,000 రూపాయలని ఖరారు చేశారు. నేను రాత్రికి రాత్రి టేపు పట్టుకుని గల్లీ కొలిచాను. పెద్ద రోడ్డు మీది ఇళ్లకు గీత పడింది. లోపలి గల్లీలోని మమ్మల్ని వదిలేశారు. కొన్ని ఇళ్లు పోతున్నందుకు జనం కుమిలిపోతుంటే, మా ఇల్లు పోనందుకు కుమిలిపోయినవాణ్ణి ఈ నగరంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. పైగా పనులు మొదలైతే అదురుకు మిగిలిన పెచ్చులు కూడా వస్తాయట. పరిహారం వాటికి వర్తించదు.

ఇంతమంది ప్రేమిస్తున్న ఆస్తిని ఒక్కణ్ణే అనుభవించడం దురాశ అనిపించింది. అందుచేత పూర్తి స్పృహలో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ పంపకాల దస్తావేజు రాస్తున్నాను. రాతి కమాను, దాని నడినెత్తిన ఉన్న బీటతో సహా, అడ్రసు కోసం గల్లీవారికి. దర్వాజ, దాని తుప్పు కీళ్లతో సహా, కాబోయే దంపతులకు. సొరంగం, దాని పూడికతో సహా, ఆదివారం నడకల పెద్దమనిషికి. పెచ్చుల గోడ, అందులోని ఉప్పుతో సహా, సినిమావారికి. గచ్చు వాకిలి అట్లాంటా అన్నయ్యకు, గోళీలు ఆయనే తెచ్చుకోవాలి. బంగ్ల మేనత్తకు, ఘటం వెళ్లేదాకా మాత్రమే కాకుండా మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజులకు కూడా. చరిత్ర మొత్తం జాతికి. పైకప్పు, దాని కింది బకెట్లతో సహా, పైవారందరికీ ఉమ్మడిగా.

నాకేమీ వద్దు. నాగోలు వైపు మూడో అంతస్తులో, లిఫ్టున్న, సిమెంటు పూసిన, చరిత్ర అనేది అంటని రెండు పడకగదుల ఫ్లాటు మా ఆవిడ చూసి పెట్టింది. సమ్మతి ఉన్నవారు ఆధార్ కార్డు, రెండు ఫోటోలతో రిజిస్ట్రారు ఆఫీసుకు రావలసింది. మరమ్మతు డబ్బు తెచ్చేవారికి వరసలో ముందు చోటు. వరస అంటూ ఉంటే.